గొడుగుకో చుక్క తేనె

ఇది చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కూర్చున్నా పరవాలేదు, పొంగేలోపు అయిపోతుంది. ఒక తొండ, ఒక ఉడుత, ఒక నక్క, అంతే. చెరుకు తోట దాటి పంటకాలువ గట్టు దిగితే ఒక చిట్టడవి ఉంది, అక్కడ జరిగింది.

ఆ చిట్టడవి సంగతి రెండు ముక్కలు చెప్పకపోతే బాగుండదు. అక్కడి ఎలుగుబంటి గురక పెడితే కాలువ నీళ్ళు వెనక్కి నడుస్తాయని అంటారు. అది అబద్ధం. కాసేపు ఆగుతాయి, అంతే. ఏదుపంది దంపతులు పెళ్ళయిన దగ్గర్నుంచి వేరు వేరు బొరియల్లో పడుకుంటారు. ఎందుకమ్మా అంటే ఉక్కపోత అంటుంది ఆవిడ. మంచు పడే రోజుల్లో కూడా ఆవిడకు ఉక్కపోతే. మొగుడి ఒంటి మీద గాట్లు చూసినవాళ్ళు మాత్రం ఇంకేమీ అడగరు. కుందేళ్ళ ఇంట్లో ఎవరి పిల్లలెవరో తల్లులకే తేలదు. అందుకని ఎవరు అల్లరి చేసినా అందరినీ వరసగా నిలబెట్టి కొడతారు. అదీ ఒక పద్ధతే.

ఆ అడవిలో కోతి లేదు. ఇదివరకు ఉండేది. ఒక ఏడాది పరుపులు కుట్టి అమ్మింది. లోపల బూరుగు దూది అని చెప్పింది. దూది కాదు, దురదగొండి. అడవి అడవంతా చెట్లకు వీపులు రుద్దుకుంది. ఎలుగుబంటి రుద్దుకున్న చెట్టు ఇప్పటికీ వంగే ఉంది. కోతి ఎటు పోయిందో తెలియదు కానీ, ఎక్కడున్నా పరుపు మీద మాత్రం పడుకుని ఉండదు.

పరుపుల గొడవ తర్వాతే నక్క జంబయ్య గట్టు కింద ఉన్న తన బండ మీదికి సంతను తెచ్చుకున్నాడు. ఇకమీద ఎవరేం చేసినా నా బండ మీద పెట్టండి, ముందు నేను దాని మీద కూర్చుని చూస్తాను, నేను గోక్కోకపోతే సరుకు మంచిది అన్నాడు. అందరికీ నచ్చింది. నక్క కూర్చున్న సరుకుకు నక్క వాసన అంటుకుంటుంది కదా, ఆ వాసన ఉంటేనే జనం తీసుకుంటారు. లేకపోతే కాళ్ళ మీద పడి ఇచ్చినా ముట్టరు. అలవాటు ఎంత ముదిరిందంటే, పిల్లలు తల్లి పెట్టిన మేత కూడా ఒకసారి వాసన చూసి గానీ తినడం లేదు.

కూర్చున్నందుకు జంబయ్యకు ఏటా తొలకరికి ముందు దొప్పెడు తేనె ఇచ్చుకోవాలి. అమ్ముకున్నా దొప్పెడే, ఊరికే పంచినా దొప్పెడే, సరుకు వైపు ఒక్కరూ చూడకపోయినా దొప్పెడే. ఇవ్వకపోతే తొలకరి రోజున జంబయ్య తోకతో ఒక్క విసురు విసురుతాడు, సరుకు బండ కింద బురదలో ఉంటుంది. ఎలుగుబంటికి ఇదొక లెక్క కాదు. అది తేనెపట్టు ముక్కలే పెట్టి చేపలు పుచ్చుకునేది. దొప్పెడు తేనె దాని మూతి తుడిస్తే వస్తుంది. మిగతావాళ్ళకు మాత్రం ఏటా ఆ దొప్ప నిండేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

తోక అంటే గుర్తొచ్చింది, కథ తొండది.

తొండ పేరు గవరయ్య. ఆకు గొడుగులు చేస్తాడు. మోదుగాకును పళ్ళతో గుండ్రంగా కొరికి, మధ్యలో చీపురుపుల్ల గుచ్చి, అంచు మడిచి కుడతాడు. పని శుభ్రంగా ఉంటుంది, వంక పెట్టేందుకు లేదు. చిక్కల్లా ఒక్కటే. గొడుగు ఎంతుండాలో తేల్చుకోవడానికి అతను దాన్ని తన తల మీద పెట్టుకుని చూసుకున్నాడు. తొండ తలకు సరిపోయే గొడుగు తొండకే సరిపోతుంది. తొండలేమో ఎండ కోసం రాళ్ళెక్కి కూర్చునే జాతి. ఈ మాట అతని భార్య సన్నమ్మ మొదటి గొడుగు చూసినప్పుడే చెప్పింది. పనితనం గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదని గవరయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

రెండేళ్ళుగా ఒక్క గొడుగూ కదల్లేదు. రెండేళ్ళుగా దొప్పెడు తేనె మాత్రం కదిలింది. ఆ తేనె కోసం సన్నమ్మ ఎండబెట్టి దాచుకున్న చీమలన్నీ ఎలుగుబంటి ఇంటికి వెళ్ళాయి. ఎలుగుబంటి వాటిని గుప్పెళ్ళతో నోట్లో పోసుకుంటూ, కొంచెం ఉప్పు తగ్గిందమ్మా అని కూడా అంది.

గవరయ్య గొడుగుల పక్కనే ఉడుత నీలాలు సరుకు ఉండేది. ఆమె ఆముదపు కాడ తెచ్చి, ఎక్కడో ఒకచోట పంటితో చిన్న కన్నం వేసి, గుమ్మానికి వేలాడదీసుకోమని ఇచ్చేది. గాలిలో చెమ్మ తగిలిందా, అది సన్నగా ఈల వేస్తుంది. ఈల వినబడితే వాన దగ్గర్లో ఉన్నట్టు. ఆరబోసిన గింజలు లోపలికి తెచ్చుకోవచ్చు, పిల్లల్ని పిలుచుకోవచ్చు. దానికి ఆమె ఏమీ పుచ్చుకునేది కాదు. ఎందుకు చేస్తావమ్మా అంటే, చేతులు ఊరుకోవు కదా అనేది. జంబయ్య దొప్ప కోసం మాత్రం వేసవంతా తేనెపట్ల కింద తిరిగి, ఆకుల మీద రాలిన బొట్లు ఏరి తెచ్చుకునేది. ఊరికే ఇవ్వడానికి ఎదురిచ్చుకోవడం ఏమిటో ఆ అడవిలో ఎవరికీ వింతగా తోచలేదు. ఈల ఊరికే వస్తోంది కదా, అంతకు మించి ఆలోచించాల్సిన పని వాళ్ళకు లేదు.

సంత రోజున నీలాలు ముందు జనం తోసుకునేవాళ్ళు. గవరయ్య ముందు వాళ్ళ వీపులుండేవి. తొండ జాతికి ఒక ఇబ్బంది ఉంది. మిగతావాళ్ళు కడుపులో మంట కడుపులోనే పెట్టుకోగలరు. తొండకు అది మెడ మీదికి ఎరుపెక్కి వచ్చేస్తుంది. పోయేవాళ్ళు ఆగి, వడదెబ్బా గవరయ్య బావా, కాస్త నీడన కూర్చో అనేవాళ్ళు. పక్కనే గొడుగుల గుట్ట ఉండేది. దాన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు.

"ఈ తొలకరిలోపు ఒక్కరంటే ఒక్కరు నీ గొడుగు పట్టుకెళ్ళాలి. లేదంటే వచ్చే ఏడు నా చీమలు అడగొద్దు" అంది సన్నమ్మ.

గవరయ్యకు గొడుగుల కన్నా, చీమల కన్నా, ఆ ఒక్కరు ముఖ్యమైపోయారు. ఎవరో ఒకరు. గుడ్డి ఎలుకైనా సరే.

తర్వాతి సంతలో ముసలి కుందేలొకామె నిజంగానే ఒక గొడుగు చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. బాగుంది నాయనా అని కూడా అంది. సరిగ్గా అప్పుడే తడిగాలి వీచింది, నీలాలు దగ్గర ఉన్న ఈలలన్నీ ఒక్కసారి మోగాయి. కుందేలు గొడుగు కింద పెట్టి అటు వెళ్ళిపోయింది. కింద పెట్టిందనడం మర్యాదకు. జారవిడిచింది, దాని మీద కాలు కూడా వేసింది.

ఆ రోజు నుంచి గవరయ్యకు ముద్ద దిగలేదు. నీలాలు నవ్వితే తనను చూసి నవ్విందనుకున్నాడు. నవ్వకపోతే పొగరనుకున్నాడు. ఆ ఈలలు వాన వస్తుందని చెప్పడం లేదు, అవే వానను పిలుస్తున్నాయి, ఇలాగే పోతే అందరి బొరియలూ మునుగుతాయని నాలుగు చోట్ల చెప్పి వచ్చాడు. అది విని కప్పలు ఇంటికి రెండేసి పట్టుకెళ్ళాయి.

ఇక లాభం లేదని జంబయ్య దగ్గరికి వెళ్ళాడు. జంబయ్య బండ వెనక నీడలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"మామా, నీ వాసన ఊరికే పోతోంది" అన్నాడు గవరయ్య.

"ఎటు పోతోంది?"

"నీలాలు ఈలలతో పోతోంది. నేనిచ్చేదీ దొప్పెడే, ఆమె ఇచ్చేదీ దొప్పెడే. నా సరుకు మీద నువ్వు కూర్చున్నది బండ దాటి పోలేదు, అంతా ఇక్కడే ఉంది. ఆమె సరుకు మీద కూర్చున్నదో, ఇంటింటికీ చేరింది. నీ కష్టం అంతా ఎవరి గుమ్మాలకో వేలాడుతోంది."

జంబయ్య లేచి కూర్చున్నాడు. తన కూర్చోవడాన్ని కష్టం అన్నవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. "అయితే ఏం చేద్దామంటావు అల్లుడూ?"

"బండ మీంచి ఎన్ని వస్తువులు పోతే అన్ని చుక్కల తేనె ఇవ్వాలని పెట్టు. దొప్ప దొప్పే, చుక్కలు చుక్కలే."

"పట్టుకుపోయినవాళ్ళు ఇవ్వాలా?"

"వాళ్ళనడిగితే సంతకు రావడం మానేస్తారు. చేసినవాళ్ళే ఇవ్వాలి."

"నువ్వూ చేసేవాడివేగా. నీకు నష్టం కాదూ?"

"నావి ఎవరు పట్టుకుపోతారు మామా" అన్నాడు గవరయ్య. ఆ మాట అంత సంతోషంగా అనడం అతనికి అదే మొదటిసారి.

ఆ బండ మీద ఒక ఆనవాయితీ ఉంది. ఏ కట్టుబాటైనా అడిగినవాడి పేరున చాటాలి, తీసెయ్యాలన్నా అడిగినవాడి నోటితోనే తీసెయ్యాలి. జంబయ్యే పెట్టుకున్నాడు దాన్ని, తిట్లు తన వాకిట్లోకి రాకుండా. గవరయ్య పేరున తొలకరి నుంచి చుక్క తేనె కట్టుబాటు అని మర్నాడే అడవంతా తెలిసిపోయింది.

నీలాలు వచ్చి బండ ముందు నిలబడింది. "ఇచ్చేది నేను. తీసుకునేది వాళ్ళు. మళ్ళీ తేనె ఇచ్చేదీ నేనేనా మామా?"

"వాళ్ళు నీ ఈలతో పాటు నా వాసన కూడా పట్టుకుపోతున్నారు కదమ్మా."

"ఎంతమంది పట్టుకెళ్తే అంత ఇవ్వాలా?"

"అంతే మరి. నీకు పేరు పెరిగే కొద్దీ అన్నమాట."

ఆమె గొడవ పడలేదు. ఈలలన్నీ ఒక తీగకు గుచ్చుకుని, మెడలో వేసుకుని చెట్టెక్కేసింది. గవరయ్య వైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే అతనికి కాస్త తృప్తిగా ఉండేది. ఆమె వెనకే గూళ్ళు అల్లే గిజిగాడూ, మట్టి మూకుళ్ళు చేసే కందిరీగా సరుకు సర్దుకున్నాయి. ఎలుగుబంటి చుక్కలు లెక్కపెట్టుకోవడం తన వల్ల కాదని పట్టు ముక్కలు తనే తినేసి పడుకుంది. కాలువ నీళ్ళు కాసేపు ఆగాయి.

తొలకరి తర్వాత మొదటి సంత. గవరయ్య తెల్లవారకముందే వచ్చి, ఖాళీగా ఉన్న బండ మీద గొడుగులు వెడల్పుగా పరుచుకున్నాడు. అంత చోటు అతనికి ఎప్పుడూ దక్కలేదు. పక్కన నీలాలు కూర్చునే చోట కూడా నాలుగు పెట్టాడు. జనం వచ్చారు. ఈలలేవి అన్నారు. లేవు. మూకుళ్ళేవి అన్నారు. అవీ లేవు. కాసేపు తోచక నిలబడ్డారు.

ఆ అడవిలో ఒక పట్టింపు ఉంది. సంతకు వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో ఇంటికి రాకూడదు. వస్తే ఆ వారమంతా ఇంట్లో కలహం అంటారు. కుందేళ్ళ ఇంట్లో ఎలాగూ రోజూ కలహమే, అయినా వాళ్ళే ముందు గొడుగులు తీసుకున్నారు. గింజలు కొలుచుకోవడానికి పనికొస్తాయన్నారు. కప్పలు పిల్లలకు పడవలని పట్టుకెళ్ళాయి. నత్త ఒకటి తీసుకుని తన గుల్ల మీద పెట్టుకుంది, మేడ మీద మేడలాగా. గవరయ్య ఒక్కొక్కటి ఇస్తూ పొంగిపోయాడు. సన్నమ్మ ఎక్కడుందో చూశాడు, ఆమె చూస్తోందో లేదో అని. నీలాలు ఉండే చెట్టు వైపు ఇంకా ఎక్కువసార్లు చూశాడు.

అప్పుడు ఏదుపంది వచ్చింది. ఒక గొడుగు తీసుకుని తన ముల్లు కొసకు తొడిగి చూసింది. అచ్చం కొలత తీసి కుట్టినట్టుంది. ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, ముల్లుకొకటి కావాలంది. ఆ రోజు సాయంత్రానికి గవరయ్య రెండేళ్ళ సరుకు అయిపోయింది. ఏదుపంది దంపతులు ఇప్పుడు ఒకే బొరియలో ఉంటున్నారు. ఉక్కపోత తగ్గిందట.

బండ ఖాళీ అయ్యాక జంబయ్య ఒక సొరబుర్ర తెచ్చి గవరయ్య ముందు పెట్టాడు. ఇదెందుకు మామా అన్నాడు గవరయ్య. చుక్కలకు అన్నాడు జంబయ్య. దొప్ప చాలదు కదా అల్లుడూ.

గవరయ్య అప్పుడు లెక్క వేసుకున్నాడు. వేసుకున్న కొద్దీ అతని మెడ మీద ఎరుపు దిగిపోయి, మట్టి రంగు వచ్చింది.

సన్నమ్మ దగ్గర చీమలు లేవు. ఎలుగుబంటి నిద్రలో ఉంది. గవరయ్య తనే చెట్టెక్కి తేనెపట్టులో తల పెట్టాడు. దిగినప్పుడు అతన్ని చూసి సొంత తమ్ముడే, ఉడుమనుకుని దారిచ్చాడు. సొరబుర్రలో అడుగు కూడా తడవలేదు. బాకీ తీరేదాకా సరుకు బండ మీదే ఉండాలి, అది లేకుంటే నువ్వూ నీలాలులా చెట్టెక్కవని ఏమిటి నమ్మకం అన్నాడు జంబయ్య. సరుకు ఉంటే జనం తీసుకుంటారు. తీసుకుంటే చుక్కలు పెరుగుతాయి. గవరయ్య కుట్టేవాడు, కుట్టినంతా పోయేది, పోయినంతా బాకీ అయ్యేది.

మూడో సంతకు అతను వచ్చినవాళ్ళందరికీ తన గొడుగులో లోపాలు చెప్పడం మొదలుపెట్టాడు. కురుస్తుంది అత్తా. ఆకు ముదురుది బావా, రెండు రోజులకు చిరుగుతుంది. ఇన్ని గొడుగులు పోయాక కూడా ఎంత అణకువ చూడండి అని జనం ముచ్చటపడి రెండేసి తీసుకున్నారు. గవరయ్య ఒకప్పుడు నీలాలు ముందు తోసుకునే జనాన్ని కలలో చూసి లేచేవాడు. ఇప్పుడూ ఆ జనమే కలలోకి వస్తున్నారు, ఈసారి తన ముందే తోసుకుంటున్నారు. లేవడం మాత్రం అలాగే లేస్తున్నాడు.

జంబయ్యకు కూడా ఇది కలిసిరాలేదు. అందరి దొప్పలూ పోయి ఒక తొండ బాకీ మిగిలింది. సొరబుర్రను తలకిందులు చేసి చూసుకుని, చుక్క తేనె కట్టుబాటు తీసేద్దామని, అందరూ మళ్ళీ బండ మీదికి రావచ్చని కబురు పెట్టాడు. ఉన్న బాకీ కూడా కొట్టేస్తానన్నాడు. ఆనవాయితీ ప్రకారం గవరయ్య ఒక్క మాట అనాలి, అంతే.

అడవంతా వచ్చింది. గవరయ్య వాచిన మొహంతో బండ మీద కూర్చున్నాడు. ముసలి కుందేలు అతని పక్కనే నిలబడి, నీ గొడుగులో గింజలు ఎంత బాగా కొలుస్తున్నానో నాయనా అని చెబుతోంది. నీలాలు కూడా వచ్చింది. తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

"బాగా కుట్టాయా అన్నా? తుమ్మజిగురు రాసుకో, సలుపు లాగేస్తుంది" అంది. తర్వాత నెమ్మదిగా, "రద్దు చెయ్యన్నా. నీకూ ఈ బాధ తప్పుతుంది. నాకూ చేతులు ఊరుకోవడం లేదు" అంది.

గవరయ్యకు ఆ మాట నచ్చింది. చెప్పాలంటే ఏడుపు వచ్చింది. సన్నమ్మ దూరం నుంచి తల ఊపింది, అను అన్నట్టు. అతను నోరు తెరిచాడు.

ఈలోపు కప్పలు నీలాలును చూశాయి. ఈలలు మళ్ళీ ఎప్పుడిస్తావు అక్కా అని చుట్టూ మూగాయి. కుందేళ్ళు వచ్చాయి. గొడుగులన్నీ గలగలలాడించుకుంటూ ఏదుపంది వచ్చింది. గవరయ్య పక్కనున్న ముసలి కుందేలు, ఒక్క నిమిషం నాయనా అని అటు వెళ్ళింది. బండ ముందు అతనికి మళ్ళీ వీపులే కనిపించాయి.

"ఏమంటావు అల్లుడూ, తీసేద్దామా?" అన్నాడు జంబయ్య.

"ఉండనివ్వు మామా" అన్నాడు గవరయ్య. "బాగానే ఉంది."

జంబయ్య సరిగ్గా వినబడలేదేమోనని రెండోసారి అడిగాడు. గవరయ్య అదే మాట అన్నాడు.

కట్టుబాటు ఉండిపోయింది. నీలాలు ఇంటికెళ్ళి పడుకుంది. ఆ వారంలో వాన చెప్పకుండా వచ్చి కుందేళ్ళ గింజలన్నీ తడిసిపోయాయి. సన్నమ్మ పుట్టింటికి వెళ్ళింది, వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. గవరయ్య సొరబుర్ర చంకన పెట్టుకుని తేనెపట్టు ఉన్న చెట్టు వైపు వెళ్ళాడు.

నీతి: పక్కవాళ్ళ మీద పడాలని అడిగి తెచ్చుకున్న పన్నును ఆఖరిదాకా కట్టేది అడిగినవాడే.